పున్నమి పంక్తి పెట్టిన అమ్మ

రాయవేలూరు జైలు గేటు దగ్గర కొత్త ఖైదీల వివరాలు రాసుకునే గుమాస్తా కలం ఆ రోజు ఒకచోట ఆగే ఉంటుంది. పేరు: గోపరాజు సరస్వతి. ఊరు: ముదునూరు, కృష్ణా జిల్లా. నేరం: క్విట్ ఇండియా సత్యాగ్రహం. వెంట ఉన్నది: రెండున్నరేళ్ల మగపిల్లాడు. వాడి పేరు: నియంత.

హిట్లర్ ఐరోపాను తొక్కేస్తున్న రోజులవి. గాంధీ పిలుపు మీద జైలుకొచ్చిన ఆడమనిషి చంకలో నియంత! గుమాస్తాకు నవ్వొచ్చినా తప్పుపట్టలేం. ఆ ఇంట్లో పిల్లలకు దేవుడి పేర్లు పెట్టరు, తాతల పేర్లు పెట్టరు. పుట్టినప్పుడు లోకంలో ఏం జరుగుతుంటే అదే పేరు. 1930లో దేశమంతా ఉప్పు వండుతుంటే పుట్టినవాడు లవణం. కాంగ్రెస్ ఎన్నికల్లో గెలిచిన కాలంలో పుట్టినవాడు విజయం. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చిన 1939లో పుట్టినవాడు సమరం. ఆఖరిది తొమ్మిదో కాన్పు గనక హిందీ లెక్కలో నౌ. మనోరమ, మైత్రి, విద్య, మారు కూడా కలిస్తే మొత్తం తొమ్మిదిమంది. ఆదివారం అనుబంధాల్లో ఆరోగ్య సలహాలు చదివే తెలుగువాళ్లకు డాక్టర్ సమరం ఎవరో నేను చెప్పనక్కర్లేదు. ఆయన్ని కన్నతల్లి గురించే చెప్పాలి.

ఆడఖైదీల వార్డులో పసిపిల్లాడితో ఉండడం అంటే ఏమిటో పిల్లల్ని పెంచిన ఎవరికైనా తెలుసు. రాత్రి జ్వరం వస్తే తలుపు తీసేవాళ్లుండరు. అన్నం వేళకి ఆకలెయ్యదు, ఆకలేసినప్పుడు అన్నం ఉండదు. నాన్న ఏడీ అని అడిగితే చెప్పే జవాబు ఒక్కటే, ఆయన కూడా జైల్లోనే. మిగిలిన చిన్నపిల్లలేమో దూరంగా. దేశభక్తుల జీవితచరిత్రల్లో జైలు శిక్ష ఒక వాక్యం. తల్లికి ప్రతి పూటా ఒక లెక్క. ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు.

సరస్వతి 1912 సెప్టెంబరు 28న విజయనగరంలో పుట్టింది. పదేళ్లకే, 1922లో, పెళ్లి చేశారు. పెళ్లికొడుకు గోపరాజు రామచంద్రరావుకు ఇరవై. తర్వాత గోరాగా లోకానికి తెలిసిన నాస్తికుడు ఈయనే, అప్పటికింకా ఆయన గోరా కాలేదు, నాస్తికుడూ కాలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం చదివాడు. మదురైలో, కోయంబత్తూరులో, కొలంబోలో ఉద్యోగాలు చేశాడు. మడి, తడి, ఆచారం అన్నీ పద్ధతిగా సాగే బ్రాహ్మణ కుటుంబం. ఆ ఇంటి కోడలికి వంటింట్లో ఎంత అధికారమో, వంటింటి బయట అంత భయం.

1928లో ఆయన జంధ్యం తీసేశాడు. కాకినాడ ఇంట్లో తండ్రి ఊరుకోలేదు. జంధ్యం లేని కొడుక్కి ఇంట్లో చోటు లేదన్నాడు, కులం వెలేసింది. ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ గోరా ధైర్యం దగ్గరే ఆగిపోతారు. నా చూపు మాత్రం ఆయన వెనక గడప దాటిన పదహారేళ్ల పిల్ల మీద ఉంటుంది. జంధ్యం ఆయనది, తీసేసిన నిర్ణయమూ ఆయనది. ఉండిపోతానంటే ఆ పిల్లని ఎవరూ కాదనేవాళ్లు కాదు. పైగా జాలిపడేవాళ్లు. ఆమె మూట సర్దుకుని బయల్దేరింది.

గర్భంతో ఉండగా వచ్చిన గ్రహణం ఆమెకు మొదటి పెద్ద పరీక్ష. ఆ రోజుల్లో ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్లు ఒకటే మాట అనేవాళ్లు.

“గ్రహణం పట్టు విడిచేదాకా కదలకుండా పడుకోవే తల్లీ. కత్తిపీట ముట్టుకోకు. బిడ్డకి గ్రహణం మొర్రి వస్తుంది.”

సరస్వతి పడుకోలేదు. బయట తిరిగింది, గ్రహణాన్ని చూసింది. ఇక్కడ ఒక్క సంగతి మరవకూడదు. ఈ ప్రయోగంలో వాదం ఆయనది గానీ ఒళ్లు ఆమెది, బిడ్డ ఆమెది. పుట్టే బిడ్డకు ఏ చిన్న లోపం ఉన్నా వేళ్లన్నీ ఆమె వైపే చూపించేవి. మొర్రికీ గ్రహణానికీ సంబంధం లేదనీ, అది కడుపులో మొదటి నెలల్లోనే పెదవి కలవకపోవడం వల్ల వచ్చేదనీ ఈనాడు ప్రతి డాక్టరూ చెబుతాడు. అప్పట్లో ఆమెకు ఆ మాట చెప్పి వెన్ను తట్టే డాక్టరు పక్కన లేడు. బిడ్డ చక్కగా పుట్టింది. ఊరు నమ్మిందా అంటే, ఊళ్లు అంత తేలిగ్గా నమ్మవు. కానీ పక్కింటి కోడలు ఒకతె చూసి ఉంటుంది. ఉద్యమాలు చాలావరకు అలా పక్కింటి కిటికీలోంచే నడుస్తాయి.

కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో గోరా లెక్చరరు. దేవుడి గురించి రాసిన వ్యాసం వల్ల 1933లో ఆ ఉద్యోగం పోయింది. మరుసటి ఏడు బందరు హిందూ కళాశాలలో దొరికింది.

ఆనాటి బందరు చిన్న ఊరేం కాదు. కృష్ణాపత్రిక అక్కడ, జాతీయ కళాశాల అక్కడ, పట్టాభి సీతారామయ్య అక్కడ, 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు అక్కడ. ఖద్దరు కట్టని లాయరు కనిపిస్తే వింతగా చూసే ఊరు. అంత చైతన్యం ఉన్న ఊళ్లోనూ మాలపల్లి మాలపల్లిగానే ఉండేది. గోరా అక్కడికి వెళ్లి పెద్దవాళ్లకు అక్షరాలు చెప్పేవాడు, కాలేజీ కుర్రాళ్లను వెంటేసుకెళ్లేవాడు. వాళ్లందరూ తిరిగి వచ్చేది సరస్వతి వంటింటికే. జీతం ఒకటి, ఆకలి పదిమందిది. ఎవరు ఏ కులమో అడక్కుండా వడ్డించే ఇల్లు అంటే, పనిమనిషి మానేసే ఇల్లు, పేరంటానికి పిలుపు రాని ఇల్లు కూడా. మగవాళ్లకు వెలి వీధిలో తగులుతుంది. ఆడవాళ్లకు నీళ్లబావి దగ్గర తగులుతుంది, రోజుకి నాలుగుసార్లు.

1940 వచ్చేసరికి బందరు ఉద్యోగమూ చెల్లిపోయింది. ఈసారి ఆయన ఇంకో కాలేజీ వెతుక్కోలేదు. ఉయ్యూరు దగ్గరి ముదునూరు నుంచి కాంగ్రెస్ నాయకుడు అన్నే అంజయ్య రమ్మని పిలిచాడు. ఆగస్టు 10న నాస్తిక కేంద్రం మొదలైంది. కేంద్రం అంటే పెద్ద మాటలా వినిపిస్తుంది, ఉన్నవి పాకలు. కాలేజీ లెక్చరరు భార్యగా నిన్నటిదాకా నెల జీతం చూసిన ఇరవై ఏడేళ్ల ఇల్లాలు, ఏడాది నిండిన సమరాన్ని ఎత్తుకుని, ఇకమీదట నెలజీతమే లేని బతుక్కి వచ్చింది.

ఎందుకు ముదునూరు? ఆ నేల అప్పటికే దున్ని ఉంది. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి పురోహితుడు లేకుండా తెలుగులో పెళ్లి చేసుకునే పద్ధతిని ‘వివాహవిధి’గా రాసి ఇచ్చాడు. కృష్ణ కాలవల కింద వరి పండి, చేతిలో నాలుగు డబ్బులాడిన రైతు కుటుంబాల్లో చదువూ తర్కమూ వేళ్లూనాయి. గుడివాడ, ఉయ్యూరు, దివి ప్రాంతాల్లో బ్రాహ్మణుణ్ణి ప్రశ్నించే మగవాళ్లు అరుగుకొకరు దొరికేవాళ్లు. పాలేరు పక్కన ఆకేసుకుని కూర్చునేవాళ్లే తక్కువ. పై కులాన్ని నిలదీయడం సంస్కరణలో సుఖమైన సగం. రెండో సగం కింద కులంతో కలిసి తినడం. ముదునూరులో సరస్వతి చేతికొచ్చింది ఆ రెండోదే.

ప్రతి పున్నమికీ సహపంక్తి భోజనాలు పెట్టేవాళ్లు. పున్నమి ఎందుకంటే వెన్నెల ఉంటుంది, దీపం ఖర్చు ఉండదు, పొలం పని ముగించుకుని వచ్చేవాళ్లకు దారి కనిపిస్తుంది. మధ్యాహ్నం నుంచే పొయ్యి రాళ్లు సర్దడం, కూరలు తరగడం. ఇంత పసిపిల్లల గుంపులో పెద్దది మనోరమకు పన్నెండేళ్లు, అమ్మకి కుడిచెయ్యి. సాయంత్రానికి మాలపల్లి నుంచి కొందరు, మాదిగపల్లి నుంచి కొందరు, రైతుల ఇళ్లనుంచి కుర్రాళ్లు. మొదట్లో ఎవరికివాళ్లు ఓ వారకి కూర్చునే ఉంటారు. అలవాటు అలాంటిది, వెయ్యేళ్లది.

“అక్కడ కాదు, ఇటు వరసలోకి రండి” అనాలి ఎవరో. వచ్చినవాడు కాళ్లు ముడుచుకుని, పక్కవాడికి తగలకుండా కూర్చుంటాడు. ఆ పక్కవాడేమో తనింట్లో తెలిస్తే ఏమవుతుందా అని అన్నం కెలుకుతుంటాడు. అప్పుడు గరిటె పట్టుకుని వచ్చేది బ్రాహ్మణ ఇంటి ఆడబడుచు. ఒకే గిన్నెలోంచి ఇద్దరికీ వడ్డిస్తుంది. ఆ క్షణంలో జరిగేది ఉపన్యాసానికి అందదు. తింటే తిన్నట్టు, లేస్తే లేచినట్టు. మధ్యస్థం లేదు.

ఈ భోజనాల గురించి ఎక్కడ చదివినా కులం సంగతి ఉంటుంది, వెన్నెల సంగతి ఉంటుంది. ఎంగిలాకులు ఎవరు ఎత్తారన్నది నేను వెతుక్కునే సంగతి. గోరా తన పాకీపని తానే చేసుకునే మనిషి, ఆయన్ని ఇందులో తప్పుపట్టను. అయినా తొమ్మిది కాన్పుల మధ్య, ఒక పిల్లకి పాలిస్తూ ఇంకో పిల్లాడికి అన్నం కలుపుతూ, నెలకొకసారి ఊరందరికీ వండిన మనిషిని మనం ‘సహధర్మచారిణి’ అనే ఒక్క పాత మాటలో కప్పెట్టేశాం. ఆ వంట లేకపోతే ఆ ఉద్యమం లేదు. నా లెక్క ఇంత సూటిగానే ఉంది.

దేవదాసీలుగా ఉన్న ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేయించడం, బాలవితంతువులకు మళ్లీ పెళ్లిళ్లు చేయించడం కూడా ఈ దంపతుల పనే. ఇవి కాగితం మీద ఒక్క పూట ముచ్చట్లు. పెళ్లయ్యాక ఆ పిల్ల అత్తింట్లో తట్టుకోలేక ఏడిస్తే వచ్చి కూర్చునేది సరస్వతి దగ్గరే. ఎన్నాళ్లు ఉంటావని అడగని పుట్టిల్లు అది.

ఆ తర్వాత క్విట్ ఇండియా ఉద్యమం, మొదట్లో చెప్పిన జైలు.

జైలు నుంచి వచ్చాక అసలు పరీక్ష ఇంట్లోనే వచ్చింది. 1944 నవంబరులో గోరా సేవాగ్రాం వెళ్లి గాంధీని కలిశాడు. దేవుడే సత్యమనే మనిషికీ దేవుడు లేడనే మనిషికీ స్నేహం కలిసింది. ఆ మాటలన్నీ గోరా తర్వాత ‘యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ’ అని పుస్తకంగా వేశాడు. వాళ్లిద్దరి మధ్య నలిగిన విషయాల్లో ఒకటి పెద్దమ్మాయి పెళ్లి. మనోరమను ముదునూరు కేంద్రంలో తమతో పనిచేస్తున్న దళిత యువకుడు అర్జునరావుకు ఇవ్వాలని తల్లిదండ్రుల నిర్ణయం.

కులం లేదని అరుగు మీద చెప్పడం, పరాయివాళ్ల పిల్లలకు కులాంతర వివాహాలు చెయ్యడం, చివరికి కలిసి తినడం కూడా ఒక ఎత్తు. కన్నకూతుర్ని ఇవ్వడం ఇంకో ఎత్తు. 1940ల కృష్ణా జిల్లాలో బ్రాహ్మణ పిల్లను దళితుడికి ఇవ్వడమంటే, తల్లివైపు చుట్టరికం అంతటితో తెగిపోవడమే. పుట్టింటి గడప ఇంక తొక్కక్కర్లేదు. ఆ తెంపుకోవడం ఏ తల్లికీ సులువు కాదు. సరస్వతి వెనక్కి తగ్గలేదు.

గాంధీ పెళ్లి తానే చేయిస్తానన్నాడు, తన ఆశ్రమంలో. రెండేళ్లు ఆగమన్నాడు, అర్జునరావును సేవాగ్రాంలో ఉంచి తయారుచేస్తానన్నాడు. ఇది నాస్తికుల ఇంటి పెళ్లి గనక ఆ తంతులో దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పడానికి కూడా ఒప్పుకున్నాడు. ఈ రాయితీ ఎంత పెద్దదో గాంధీని చదివినవాళ్లకు అర్థమవుతుంది. జీవితమంతా రామనామం జపించిన మనిషి ఒక తెలుగు పిల్ల పెళ్లి కోసం ఆ మాట పక్కనపెట్టడానికి సిద్ధపడ్డాడు.

1948 జనవరి 30న ఆయన్ని చంపేశారు. పెళ్లి ఆగలేదు. మార్చి 13న సేవాగ్రాంలోనే మనోరమ, అర్జునరావుల పెళ్లయింది. ఆరువారాల కిందటే గాంధీని పోగొట్టుకున్న ఆశ్రమంలో, ఆయన లేకుండా, ఆయన మాట ప్రకారం. ఆడపిల్ల తల్లిగా సరస్వతి ఎంత ఏడ్చిందో, ఎంత నిబ్బరంగా ఉందో ఎవరికి వాళ్లు ఊహించుకోవచ్చు. పన్నెండేళ్ల తర్వాత, 1960లో, లవణం పెళ్లి. కోడలు హేమలత, మహాకవి గుఱ్ఱం జాషువా కూతురు. అంటరానితనం మీద తెలుగులో ఆయనకన్నా ఘాటుగా పద్యం రాసినవాళ్లు లేరు. ఆయన కూతురు ఈ వంటింటికే కోడలై వచ్చింది. తర్వాత ఆ భార్యాభర్తలు స్టువర్టుపురంలో నేరస్థ జాతులుగా ముద్రపడ్డవాళ్ల మధ్య, నిజామాబాదు జోగినుల మధ్య చేసిన పని వేరే ఒక గాథ.

1947లోనే కేంద్రం ముదునూరు నుంచి బెజవాడ పటమటకు మారింది. ఆ దశాబ్దాలు త్వరగా దాటేస్తాను, అవి ఎక్కువగా గోరా దశాబ్దాలు. పార్టీలు లేని ప్రజాస్వామ్యం కోసం సేవాగ్రాం నుంచి ఢిల్లీకి పాదయాత్ర, 1972లో విజయవాడలో ప్రపంచ నాస్తిక మహాసభ. ఆమె పనిలో చెప్పుకోవాల్సింది 1969. ఆ ఏడు కూతురు చెన్నుపాటి విద్యతో కలిసి వాసవ్య మహిళా మండలికి బీజం వేసింది. వాస్తవికత, సంఘదృష్టి, వ్యక్తిత్వం అన్నవాటి మొదటి అక్షరాలతో కూర్చిన పేరు. విద్య తర్వాత రెండుసార్లు, 1980లో, 1989లో, విజయవాడ నుంచి పార్లమెంటుకు వెళ్లింది.

1975 జులై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూ మాట్లాడుతూనే గోరా కూలిపోయాడు. అక్కడే పోయాడు. అప్పటికి సరస్వతికి అరవై మూడు నిండలేదు. బొట్టు, గాజులు తీసేసే తంతు ఆ ఇంట్లో జరిగే ప్రశ్నే లేదు. మనలో చాలా సంస్థలు వ్యవస్థాపకుడు పోయిన ఏడాదికే గొళ్లెం పెట్టుకుంటాయి, లేదా వారసులు కోర్టుకెక్కుతారు. ఇది ముప్పై ఒక్కేళ్లు ఆమె చేతిమీదుగా నడిచింది. గోరా నీడలో బతికిందనే వాళ్లు ఈ ముప్పై ఒక్కేళ్లను ఏం చేస్తారో నాకు అర్థం కాదు.

గోరా పోయిన రెండేళ్లకే ఉప్పెన వచ్చింది.

1977 నవంబరు 19, శనివారం. కార్తీక మాసం. దివిసీమలో వరి కోతకొచ్చి ఉంది. తుపాను వస్తుందని రేడియో చెప్పింది, తుపాన్లు దివిసీమకు కొత్తేమీ కాదు. వచ్చింది గాలొక్కటే కాదు. సముద్రమే లేచి ఊళ్లమీదికి నడిచింది. బతికి బయటపడ్డవాళ్లు ఈనాటికీ తాటిచెట్టంత అల అనే చెబుతారు. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది, ఏటిమొగ, ఉల్లిపాలెం. ఈ పేర్లు అప్పటిదాకా పటంలో కూడా సరిగ్గా ఉండేవి కావు, ఒక్క రాత్రిలో దేశమంతటి పత్రికలకూ ఎక్కాయి. పదివేలమందికి పైగా చచ్చిపోయారు. తెల్లారాక తుమ్మకంపల్లో పశువులూ మనుషులూ ఒకేచోట. బావుల నిండా ఉప్పునీళ్లు. పక్కన కృష్ణ పారుతూనే ఉంది, తాగడానికి గుక్కెడు లేవు.

అవనిగడ్డ మండలి వెంకటకృష్ణారావు ఆ సహాయానికి పెద్దదిక్కుగా నిలబడ్డాడు. శవాల్ని ఎత్తడానికి, బతికినవాళ్లకు గంజి పోయడానికి ఎక్కడెక్కడినుంచో జనం దిగారు. రామకృష్ణ మిషన్ స్వాములు వచ్చారు. మదర్ థెరిసా వచ్చింది. ఆరెస్సెస్ స్వయంసేవకులు వచ్చారు. విజయవాడ పటమట నుంచి నాస్తికులూ వచ్చారు. దేవుడి పేరుమీద వచ్చినవాళ్లూ దేవుడు లేడని వచ్చినవాళ్లూ అదే మోకాటిలోతు బురదలో నడిచారు. శవం ఏ కులందో ఏ మతందో ఎవరూ చూడలేదు, చూసే స్థితిలో ఎవరూ లేరు. ముదునూరులో పున్నమికి పున్నమికీ నచ్చజెప్పి కూర్చోబెట్టిన పంక్తి, దివిసీమ సహాయ శిబిరాల్లో నచ్చజెప్పకుండానే కూర్చుంది. గంజి కోసం. సరస్వతి సంబరపడే పద్ధతి మాత్రం ఇది కాదు.

సరస్వతి నాయకత్వంలోని కేంద్రం సహాయంతో పాటు పునరావాసంలోకీ దిగింది. దాని అనుబంధ సంస్థ ఆర్థిక సమతా మండలి దివిసీమ అంచున శ్రీకాకుళం గ్రామంలోనే పాతుకుని పల్లెపనుల్లో ఉండిపోయింది. ఉప్పెన వెళ్లిన మూడో వారానికి ఫొటోగ్రాఫర్లు వెళ్లిపోతారు. మొగుణ్ణీ పిల్లల్నీ పోగొట్టుకున్న ఆడదానికి అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. నాలుగో నెల, ఆరో నెల కూడా వెళ్లి పలకరించేవాళ్లే సేవకులు. ఈ తేడా తెలిసిన సంస్థలు తక్కువ.

ఆ తర్వాతి కాలంలో నాస్తిక కేంద్రం ఊరూరా నిప్పుల మీద నడక ప్రదర్శనలు చేసింది. నిప్పుల గుండం తొక్కడం భక్తి మహిమేమీ కాదు. బూడిద కప్పిన బొగ్గు వేడిని నెమ్మదిగా ఇస్తుంది, గబగబా నడిస్తే అరికాలికి అంత వేడి అందదు. దేవుణ్ణి తలుచుకున్నా తలుచుకోకపోయినా అదే ఫలితం. గ్రహణాన్ని చూసిన గర్భిణికి ఇది తెలిసిన దారే. 1986లో అంతర్జాతీయ మానవవాద సంఘం నాస్తిక కేంద్రానికి పురస్కారం ఇచ్చింది. సరస్వతికి జమ్నాలాల్ బజాజ్ అవార్డు, కర్ణాటక ప్రభుత్వ బసవ పురస్కారం వచ్చాయి. కులాన్ని కూలదోయమన్న బసవన్న పేరుతో ఒక తెలుగు నాస్తికురాలికి గౌరవం దక్కడం బాగుంది.

ఆమె తన ఆత్మకథకు పెట్టుకున్న పేరు ‘గోరాతో నా జీవితం’. తన బతుకు పుస్తకంలో కూడా ఆయన పేరు ముందు పెట్టింది. అది ఆమె ఇష్టం, కాదనడానికి మనమెవరం. చదివేటప్పుడు మాత్రం రెండో సగం మీద, ‘నా జీవితం’ మీద, కాస్త ఎక్కువ సేపు ఆగితే మంచిది.

2006 ఆగస్టు 19న, తొంభై మూడేళ్ల వయసులో, సరస్వతి గోరా కన్నుమూసింది.

ముదునూరులో, ఉయ్యూరులో, గుడివాడ చుట్టుపక్కల పల్లెల్లో ఎనభై అయిదు దాటిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఒక్క సంగతి అడిగి చూడండి. చిన్నప్పుడు ఆ పున్నమి పంక్తిలో ఎప్పుడైనా కూర్చున్నారా, పక్కన ఎవరు కూర్చున్నారు, ఇంటికొచ్చాక ఎవరు తిట్టారు, ఎవరు స్నానం చెయ్యమన్నారు. చెప్పింది చెప్పినట్టు పేరు, ఊరు వేసి రాసిపెట్టండి. గోరా ఉపన్యాసాలు అచ్చులో ఉన్నాయి. ఆమె వడ్డించిన అన్నం తిన్నవాళ్ల మాట ఇంకా అచ్చుకెక్కలేదు, చెప్పగలిగినవాళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. ఈ ఏడే అడగండి.